38 గప్పీ పిల్లల్లో ఆరే మిగిలాయి... లోపం ఎక్కడుంది?

విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. వాళ్లింట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. పెట్టి ఎనిమిది నెలలైంది. అందులో ఐదు మగ గప్పీలు, మూడు ఆడ గప్పీలు, రెండు మోలీలు ఉన్నాయి. నీళ్లు బోరువి. నెల క్రితం ఒక ఆడ గప్పీ పొట్ట బాగా ఉబ్బి కనిపిస్తే, ఆ సాయంత్రమే వల వేసి పట్టుకుని ప్లాస్టిక్ బ్రీడింగ్ బాక్స్‌లో వేశారు. తెల్లారేసరికి 38 పిల్లలు. వాటిలో ఏడు అడుగునే పడి ఉన్నాయి, పొట్ట కింద పసుపు రంగు సంచి కనిపించింది. సాయంత్రానికి ఆ ఏడూ పోయాయి. మిగిలిన 31 పిల్లల్ని మూడు లీటర్ల గాజు గిన్నెలోకి మార్చారు. గాలి తాకిడికి తట్టుకోలేవేమోనని ఎయిర్ పంప్ పెట్టలేదు. శుభ్రంగా ఉండాలని రోజూ నీళ్లన్నీ పారబోసి వంటింటి ఆర్వో నీళ్లు నింపారు. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన మూడు పూటలా వేశారు. నాలుగో రోజు నుంచి ప్రతి ఉదయం మూడో నాలుగో చచ్చి తేలేవి. పది రోజులకు 11, ఇవాళ్టికి ఆరు. ఆ ఆరింట్లో రెండింటికి నడుము వంకర తిరిగింది.

"మా పాపకు తొమ్మిదేళ్లు. అన్నింటికీ పేర్లు పెట్టుకుంది. పొద్దున్నే గిన్నె దగ్గరికి వెళ్లి లెక్కపెట్టి, తగ్గితే అన్నం ముట్టదు. మావారు ఇవన్నీ ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. మా అత్తగారు ఇంట్లో ప్రాణాలు పోతుంటే చూడలేకపోతున్నానని, బందరు కాలవలో వదిలేసి రమ్మంటున్నారు. ఇంకో ఆడచేప పొట్ట నల్లబడింది, పది రోజుల్లో పెట్టేలా ఉంది. ఏం చేయమంటారు? నేను చేసిన తప్పేమిటి?" అని అడిగారు.

అమ్మా, మీరు ఒక పెద్ద మేలు చేశారు. ఏ రోజున ఎన్ని పోయాయో, ఏ వేళ పోయాయో, ఏ నీళ్లు పోశారో అన్నీ రాశారు. చేపపిల్లల విషయంలో చనిపోయిన రోజును బట్టే కారణాన్ని చాలావరకు పట్టుకోవచ్చు. మీ లెక్కలో మూడు వేర్వేరు చావులు కనిపిస్తున్నాయి. వాటిని కలిపి చూడటం వల్లే అంతా అయోమయంగా ఉంది.

మొదటి రోజు పోయిన ఏడింటి సంగతి ముందు చూద్దాం. పొట్ట కింద పసుపు సంచి అంటే అవి నెలలు నిండకుండా పుట్టినవి. గప్పీ పిల్లలు తల్లి పొట్టలో మూడు నాలుగు వారాలుంటాయి. ఆ సంచిలోని ఆహారం పూర్తిగా ఇంకిన తర్వాత బయటికొస్తే పుట్టిన గంటలోనే ఈదుతాయి, తింటాయి. కాన్పు దగ్గరపడ్డాక తల్లిని వలతో తరిమి, ఇరుకు డబ్బాలో వేస్తే బెదిరి ముందే పెట్టేస్తుంది. ఆ ఏడింటిని పుట్టాక ఎవరూ బతికించలేకపోయేవారు. మళ్లీ ఇలా జరగకూడదంటే తల్లిని ఆఖరి రోజుల్లో కదపకూడదు. వారం ముందే మార్చాలి, లేదంటే అసలు మార్చకూడదు.

నాలుగో రోజు నుంచి పోయినవే ఎక్కువ, అసలు సమస్య అక్కడే ఉంది. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. తినకుండా మిగిలిన పచ్చసొన కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. పెద్ద తొట్టెలో ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద పెరిగే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఆ బాక్టీరియా సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ గాజు గిన్నెలో అది లేదు. మూడు లీటర్లలో 31 పిల్లలు, రోజుకు మూడుసార్లు పచ్చసొన అంటే విషం గంటగంటకూ పెరుగుతుంది. పైగా పచ్చసొనను తినే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. గాలి బుడగలు లేని గిన్నెలో రాత్రి గడిచేకొద్దీ ఆక్సిజన్ పడిపోతుంది. మీకు చావులన్నీ ఉదయమే కనిపించడానికి ఇదొక కారణం.

శుభ్రత కోసం పోసిన ఆర్వో నీళ్లు దీనికి తోడయ్యాయి. గప్పీలు, మోలీలు, ప్లాటీలు, స్వోర్డ్‌టెయిల్‌లు ఇవన్నీ ఖనిజాలున్న గట్టి నీళ్లను కోరుకునే చేపలు. మనుషులు తాగడానికి బాగుండని బోరు నీళ్లు వీటికి చాలావరకు సరిపోతాయి. ఆర్వో మిషన్ వీటికి కావలసిన కాల్షియం, మెగ్నీషియంలను కూడా తీసేస్తుంది. బోరు నీళ్లలో పుట్టిన పిల్లను ఒక్కసారిగా ఆర్వో నీళ్లలో వేస్తే, ఒంట్లో లవణాలు బయటికి పోకుండా చూసుకోవడానికే దాని శక్తంతా ఖర్చవుతుంది. మీరు రోజూ నీళ్లన్నీ మార్చడం వల్ల ఆ దెబ్బ రోజూ తగిలింది. మీ శ్రద్ధలో లోపమేమీ లేదమ్మా. మనిషికి మంచివైన నీళ్లు చేపకూ మంచివే అనుకోవడం సహజం, చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇక ఆ తర్వాత ఒక్కొక్కటిగా పోయినవి, నడుము వంగినవి. పుట్టుకతోనే వంకరగా ఉంటే దగ్గరి రక్తసంబంధం వల్ల కావచ్చు. దుకాణాల్లో ఒకే తొట్టెలో తరతరాలుగా పెరిగిన గప్పీల్లో ఇది మామూలే. పుట్టినప్పుడు నిటారుగా ఉండి తర్వాత వంగితే పోషకాహార లోపం కావచ్చు, ఒక్క పచ్చసొన మీదే నెల గడిస్తే అది జరగవచ్చు. చిక్కిపోతూ, పొట్ట లోపలికి పోతూ వంగితే మాత్రం చేపల క్షయలాంటి జబ్బు ఉండొచ్చు. ఆ బాక్టీరియా మనుషుల చేతి గాయాల ద్వారా చర్మానికీ సోకగలదు. అందుకని పాప చేతికి చిన్న గీటున్నా నీళ్లలో పెట్టనివ్వకండి, తొట్టె పని అయ్యాక ఎవరైనా సబ్బుతో కడుక్కోవాల్సిందే.

ఆ వంకర పిల్లలు రెండూ తింటూ, ఈదుతూ ఉంటే బతకనివ్వండి, వాటి నుంచి సంతానం రాకుండా మాత్రం చూడండి. తినలేక అడుగున పడి ఎగశ్వాస పీలుస్తుంటే రోజుల తరబడి అలా వదలడం కన్నా బాధ లేకుండా పంపడం దయ. లీటరు నీళ్లకు అర మిల్లీలీటరు లవంగ నూనె చాలు. కొంచెం గోరువెచ్చని నీళ్లలో వేసి తెల్లగా అయ్యేదాకా గిలకొట్టి, లీటరుకు సరిపెట్టి, అందులో చేపను ఉంచాలి. మొప్పలు ఆగాక కూడా పావుగంట అలాగే ఉంచండి. అది మీరో మీవారో చేయాల్సిన పని, పాప ముందు వద్దు.

మిగిలిన ఆరింటిని ఇప్పుడు గిన్నెలోంచి పెద్ద తొట్టెకు మార్చాలి. ఇక్కడ తొందరపడితే ఉన్నవీ పోతాయి. కారణం వినండి. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటే బాగా విషం. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 7 ఉంటే విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది ఆరేడు శాతానికి పెరుగుతుంది. ఆర్వో నీళ్ల పీహెచ్ తక్కువ, బోరు నీళ్లది సాధారణంగా ఎక్కువ. అమ్మోనియా పేరుకున్న గిన్నెలో నేరుగా బోరు నీళ్లు పోస్తే అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న విషం ఒక్కసారిగా పదింతలు అవుతుంది. కాబట్టి ముందు గిన్నెలోంచి ముప్పాతిక నీళ్లు తీసి మళ్లీ ఆర్వో నీళ్లే పోయండి. అలా అమ్మోనియా పలచబడ్డాక, నీటిని లీటరుకు తగ్గించి, పెద్ద తొట్టె నీళ్లు పావుగంటకు ఒక టీ గ్లాసు చొప్పున కలుపుతూ రండి. గిన్నె నిండేసరికి ఒక పూట పడుతుంది. ఆ పూటంతా ఎయిర్ స్టోన్ నుంచి సన్నగా బుడగలు రానివ్వండి, నెమ్మదైన బుడగలు పిల్లలకు హాని చేయవు. తర్వాత పిల్లల్ని మాత్రమే చిన్న గ్లాసుతో తీసి, పెద్ద తొట్టెలో వేలాడదీసిన నెట్ బాక్స్‌లోకి వదలండి. ప్లాస్టిక్ బాక్స్ కన్నా గుడ్డ వల కట్టిన బాక్సే మేలు, తొట్టె నీళ్లు అందులోకి ఆడుతూ ఉంటాయి. అడుగున మేత మురగకుండా రోజూ ఒకసారి డ్రాపర్‌తో పీల్చేయండి.

ఇప్పుడు పది రోజుల్లో రాబోయే కాన్పు. దీనికి ముందు మీ ఇంట్లో నలుగురూ కూర్చుని ఒక మాట అనుకోవాలి: ఎన్ని పిల్లల్ని పెంచగలం? మూడు ఆడచేపలు, ఒక్కోటి నెలకోసారి 30 చొప్పున పెడితే నెలకు 90. మీ తొట్టెలో పట్టే నీళ్లు 50 లీటర్ల దాకా. అందులో 15 నుంచి 20 పెద్ద గప్పీలు హాయిగా ఉంటాయి. అన్నింటినీ బతికించాలని కూర్చుంటే మూడో నెలకు ఏదీ ఆరోగ్యంగా ఉండదు. మేత, ఫిల్టర్, మందు ఇవన్నీ ఆ నిర్ణయం తర్వాత వచ్చే విషయాలు.

ఒక దారి, ఏమీ వేరు చేయకుండా పిల్లల్ని పెద్ద తొట్టెలోనే పుట్టనివ్వడం. దీనికి పైన తేలే దట్టమైన మొక్కలు కావాలి. గప్పీ గ్రాస్, హార్న్‌వర్ట్ ఏదైనా సరే, నీటి పైభాగంలో మూడో వంతు నిండాలి. పుట్టిన పిల్ల సహజంగా పైకి ఎగబాకి ఆ గుబురులో దాక్కుంటుంది. మొక్కలు దుకాణంలో కొనండి. కాలవలోంచి తెస్తే తూనీగ లార్వాలు వెంట వస్తాయి, అవి చేపపిల్లల్ని పట్టి తింటాయి. ఈ దారిలో పుట్టినవాటిలో కొన్నే మిగులుతాయి, చురుకైనవే మిగులుతాయి, మీకు అదనపు పని లేదు. కానీ పెద్ద చేపలు పిల్లల్ని తినడం పాప కళ్లారా చూడాల్సి రావచ్చు. మోలీలు కూడా ఇందులో తక్కువేమీ కాదు. ప్రకృతిలో గప్పీలు అన్ని పిల్లల్ని పెట్టేది అందుకేనని తొమ్మిదేళ్ల పాపకు చెప్పవచ్చు, అర్థమవుతుంది. అయితే తను ఇప్పుడున్న బాధలో ఈ దారి కొంచెం ఆగి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

రెండో దారి, వచ్చే కాన్పులో 15 పిల్లల్ని మాత్రం తీసి నెట్ బాక్స్‌లో పెంచడం, మిగతావాటిని మొక్కల్లో వాటి మానాన వదిలేయడం. మీకున్న పది రోజుల గడువులో ఇదే కుదురుతుంది. విడిగా నర్సరీ తొట్టె పెట్టాలంటే స్పాంజి ఫిల్టర్‌లో బాక్టీరియా పెరగాలి, అది పది రోజుల్లో జరగదు. నెట్ బాక్స్‌కు మీ ఎనిమిది నెలల పాత ఫిల్టరే అండ. ఇబ్బంది ఏమిటంటే స్థలం చాలదు, మూడు వారాలు దాటాక పెరుగుదల మందగిస్తుంది.

మూడో దారి 20 నుంచి 25 లీటర్ల నర్సరీ తొట్టె. పాప నిజంగా పెంచాలనుకుంటే, మీరు రోజుకు అరగంట ఇవ్వగలిగితే ఇదే సంతృప్తినిస్తుంది. దానికి ఇవాళే ఒక పని చేయండి. ఎయిర్ పంప్‌తో నడిచే చిన్న స్పాంజి ఫిల్టర్ కొని పెద్ద తొట్టెలో ఒక మూల నడపండి. నాలుగు వారాల్లో అది బాక్టీరియాతో నిండుతుంది. అప్పుడు దాన్ని తీసి, పెద్ద తొట్టె నీళ్లతోనే నింపిన నర్సరీలో పెడితే మొదటి రోజు నుంచే పని చేస్తుంది. ఆ స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్ బాక్టీరియాను చంపేస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలో పిండండి చాలు. మోటారు ఫిల్టర్‌లు నర్సరీలో వద్దు, పిల్లల్ని లోపలికి లాగేస్తాయి. పెద్ద తొట్టెలో ఉన్న ఫిల్టర్ మూతికి కూడా స్పాంజి ముక్క తొడగండి.

నర్సరీలో 25 పిల్లలకు మించి వద్దు. నేల మీద రాళ్లూ ఇసుకా వేయకండి, ఖాళీ అడుగు ఉంటేనే మిగిలిన మేత కనిపిస్తుంది. రోజు విడిచి రోజు ఐదో వంతు నీళ్లు మార్చాలి. ఎయిర్ ట్యూబ్ చివర పలచని గుడ్డ కట్టి సైఫన్ చేస్తే పిల్లలు అందులో పడవు. కొత్త నీళ్లు అదే బోరువి, అదే వేడిలో ఉండాలి. బోరు ఎండి మున్సిపల్ కుళాయి నీళ్లు వాడాల్సి వస్తే బకెట్‌లో ఒక రోజు గాలి ఆడిస్తే మామూలు క్లోరిన్ పోతుంది. తొందరైతే అక్వేరియం షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ వాడండి. నీళ్లలో అమ్మోనియా ఎంతుందో చూపే చుక్కల కిట్ ఒకటి కొనుక్కోండి. మందుల సీసాల మీద పెట్టే డబ్బు దీని మీద పెడితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. సున్నా తప్ప ఏ అంకె చూపించినా ఆ పూట మేత ఆపి పావు వంతు నీళ్లు మార్చాలి.

వేడి 25 నుంచి 28 డిగ్రీలు బాగుంటుంది. విజయవాడ ఎండాకాలంలో నీళ్లు 32 దాటుతాయి, అప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి, పైన వల కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ గాలి తగలనిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఇగిరిన నీటి మేరకు పోసేటప్పుడు మాత్రం ఆర్వో నీళ్లు పనికొస్తాయి. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు తొట్టెలోనే ఉండిపోతాయి కదా.

ఇక మేత. పచ్చసొన మానేయండి. పెద్ద చేపలకు వేసే మేతనే వేళ్ల మధ్య మెత్తని పొడి చేసి, మొదటి రెండు వారాలు రోజుకు నాలుగైదుసార్లు, రెండు మూడు నిమిషాల్లో అయిపోయేంతే వేయండి. వాటి పొట్ట చిన్నది, ఒకేసారి ఎక్కువ వేస్తే తినలేవు, మిగిలింది కుళ్లుతుంది. వారంలో రెండు మూడుసార్లు స్పిరులినా (ఒక రకం నాచు) ఉన్న మేత కలపండి. పొట్ట గుండ్రంగా, లేత నారింజ రంగులో కనిపించాలంటే మాత్రం ఆర్టీమియాకు, అంటే ఉప్పునీళ్లలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవికి, సాటి లేదు. మన కోస్తా అంతా రొయ్యల హేచరీలున్నాయి కాబట్టి ఆర్టీమియా గుడ్లు ఇక్కడ దొరకడం కష్టం కాదు. హేచరీలు కొనే పెద్ద డబ్బా మీకు అక్కర్లేదు, షాపులో చిన్న పొట్లం అడగండి. లీటరు నీళ్లలో 25 గ్రాముల ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, తలకిందులుగా కట్టిన సీసాలో పోసి, అడుగు నుంచి గట్టిగా గాలి వదలాలి. పావు టీస్పూన్ గుడ్లు వేసి దగ్గరలో లైటు వెలిగిస్తే, 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పిల్లలు అవుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే గుల్లలు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి దిగుతాయి. కింది నీళ్లే తీసి, చేతిరుమాలులో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. గుల్లలు కలిస్తే చేపపిల్ల పేగుకు అడ్డం పడొచ్చు. ఇది రోజూ కుదరకపోతే వారానికి రెండుసార్లు చేసినా పిల్లల ఎదుగుదలలో తేడా కనిపిస్తుంది.

మూడు నాలుగు వారాలకు మగపిల్లల పొట్ట కింద రెక్క సన్నగా, పుల్లలా మారుతుంది. ఆడపిల్లల్లో అది విసనకర్రలాగే ఉండి, తోక వైపు నల్ల మచ్చ మొదలవుతుంది. కనిపించగానే మగా ఆడా వేరు చేయండి, ఆలస్యమైతే అన్నాచెల్లెళ్ల మధ్యే సంతానం వస్తుంది. ఒకటిన్నర సెంటీమీటర్లు దాటిన పిల్లను పెద్ద తొట్టెలోకి వదిలితే పెద్ద చేపల నోటికి అందదు.

నాలుగో దారి కూడా చెప్పాలి, మీవారికి ఇది నచ్చవచ్చు. ఆడచేపల్ని ఇచ్చేసి మగ గప్పీలనే ఉంచుకోవడం. రంగులన్నీ వాటిలోనే ఉంటాయి, కాన్పులుండవు. మగవాటిని ఇచ్చేసి ఆడవాటినే ఉంచుకుంటే కాన్పులు ఆగుతాయనుకోకండి. ఒకసారి జత కట్టిన ఆడ గప్పీ ఆ వీర్యాన్ని దాచుకుని నెలల తరబడి మళ్లీ మళ్లీ పిల్లల్ని పెడుతుంది. రెండూ ఉంచుకుంటామంటే ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలుండాలి. మీ తొట్టెలో ఐదు మగవాటి మధ్య మూడు ఆడచేపలు రోజంతా తరుములాటలో నలిగిపోతున్నాయి, ముందే కాన్పు కావడానికి అదీ ఒక కారణం కావచ్చు. నాలుగు మగవాటిని ఇప్పుడే ఎవరికైనా ఇచ్చేయండి. పిల్లల్ని పెంచాలనుకుంటే రెండు మూడు తరాలకోసారి వేరే చోటి నుంచి ఒక మగచేపను తెచ్చి, మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి కలపండి.

అత్తగారి మాటలో ఉన్నది దయే. కానీ కాలవ మాత్రం వద్దని ఆవిడకు నచ్చచెప్పండి. గప్పీ మన నేల చేప కాదు, దాని పుట్టిల్లు ట్రినిడాడ్, వెనెజువెలా వైపు. కాలవలో చాలావాటిని ఇతర చేపలు తింటాయి, బతికినవి నెలనెలా పెరిగి మన చిన్న చేపల తిండికి పోటీ వస్తాయి, వాటి గుడ్లనూ తింటాయి. తొట్టెలోని జబ్బు కూడా వాటితో పాటే నీళ్లలోకి పోతుంది. ఆవిడకు నచ్చే మార్గం ఒకటుంది. మేడ మీద తామర తొట్టి గానీ, పెద్ద సిమెంటు కుండీ గానీ పెట్టి, సగం నీడ పడేచోట, మొక్కలు వేసి ఐదారు గప్పీలను వదలండి. దోమ లార్వాలను తినేస్తాయి. కాలవలోకి పొంగే అవకాశం లేని కుండీ కావాలి, వానాకాలంలో అంచు కింద వల బిగించిన రంధ్రం పెట్టండి.

పాపకు ఒక పని అప్పజెప్పండి. పచ్చసొన తీసిన చెంచా బదులు చిన్న ఉప్పు చెంచా ఇచ్చి, రోజుకు ఎంత మేత వేయాలో తనే కొలిచేలా చూడండి. ఉదయం చచ్చినవాటిని లెక్కపెట్టే బదులు నీళ్ల మార్పు తేదీ, అమ్మోనియా అంకె, పిల్లల పొడవు ఒక పుస్తకంలో రాయమనండి. కొన్ని పోతాయని ముందే చెప్పండి, దాచొద్దు.

ఎక్కువైన పిల్లల్ని షాపువాళ్లు రెండు సెంటీమీటర్లు దాటాకే తీసుకుంటారు, అంటే దాదాపు రెండు నెలలు ఆగాలి. ఇరుగుపొరుగుకు ఇచ్చేటప్పుడు ముందు రోజు మేత మానేయండి, దారిలో సంచి నీళ్లు పాడవవు. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉండాలి. పిల్లలు వద్దనుకునే ఇంటికి మగవాటినే ఇవ్వండి. ఏ నీళ్లలో పెరిగాయో కాగితం మీద రాసి సంచితో పాటు పంపండి.